తాడు చతురస్రం ఆట: నాలుగేళ్లు ఆడించాక

టీమ్‌ను బయటికి తీసుకెళ్లి, ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరగాలని ఆడించే ఆటల్లో చాలావాటిని వదిలేశాను. వెనక్కి పడిపోతే మిగతావాళ్లు పట్టుకునే ఆటను, ఒకసారి పట్టు జారి ఒకతని మణికట్టు బెణికాక పూర్తిగా మానేశాను. తాడు చతురస్రం మాత్రం నాలుగేళ్లుగా ఆడిస్తూనే ఉన్నాను. అందరూ కళ్లకు గంతలు కట్టుకుని, 20 మీటర్ల తాడుతో చతురస్రం చేయాలి. ఎలా ఆడించాలో ఎక్కడైనా దొరుకుతుంది, ఆ జోలికి పోను.

మొదటిసారి 11 మందిమి. గంతలు కట్టగానే ముగ్గురం ఒకేసారి మొదలుపెట్టాం. తాడును సగానికి మడుద్దామని ఒకరు, ముందు నంబర్లు చెప్పుకుందామని ఇంకొకరు, అందరూ నా గొంతు వైపు రండని నేను. మడతపెట్టడం మంచి ఆలోచనే. సగానికి, మళ్లీ సగానికి మడిస్తే భుజాలు 5 మీటర్ల చొప్పున సమానంగా వస్తాయి. కానీ వినేవాళ్లేరీ? పాతిక నిమిషాలయ్యాక, అయిపోయింది గంతలు తీద్దాం అన్నది నేనే.

తీసి చూస్తే మూడే మూలలు. నాలుగో మూల ఉండాల్సిన చోట మా టెస్టింగ్ అమ్మాయి రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉంది. మిగిలిపోయిన తాడంతా ఆమె కాళ్ల దగ్గర చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

"ఇక్కడ తాడు మిగిలిపోయిందని రెండుసార్లు చెప్పాను సార్. ఎవరూ పలకలేదు. విన్నారేమో అనుకుని ఊరుకున్నాను" అంది.

అంతకు ముందు నెలలో మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఒకటి ఆగిపోయింది. అప్పుడూ ఆమె ముందే చెప్పింది. మెసేజ్ గ్రూపులో అలాగే ఉంది, కింద ఒక్కరి జవాబూ లేదు. ఆఫీసులో దాని మీద గంటసేపు వాదించుకున్నాం. ఇక్కడ తాడు కుప్ప అందరి కళ్లెదుటా ఉంది, వాదించడానికి ఏమీ లేదు.

అక్కడే గడ్డి మీద కూర్చుని ఒక్క నియమం పెట్టుకున్నాం: విన్నవాళ్లు, విన్నది తిరిగి చెప్పాలి. రెండో రౌండులో "మూడో నంబర్, ఆగాను" లాంటి మాటలు వినిపించాయి. గంతలు తీశాక ఎదురెదురు మూలల మధ్య కొలిస్తే రెండు కర్ణాలూ 7 మీటర్లకు కాస్త అటూ ఇటూగా వచ్చాయి, 5 మీటర్ల భుజాల చతురస్రానికి రావాల్సిందీ దాదాపు అంతే. ఆ అలవాటు ఇప్పటికీ మా మీటింగుల్లో ఉంది. నాకు ఈ ఆట మీద ఉన్న ప్రేమంతా దానివల్లే.

ఒకప్పుడు ఎవరడిగినా ఇదే ఆడించమనేవాణ్ణి. ఇప్పుడు కాస్త ఆచితూచి చెప్తున్నాను. మరుసటి ఏడాది అదే టీమ్‌తో ఆడిస్తే కిటుకు తెలిసిపోయి ఆరు నిమిషాల్లో ముగించేశారు, మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇంకోసారి గంతలు కట్టుకున్న ఒకావిడకు ఊపిరాడనట్టయి టెన్షన్ పడిపోయింది. అప్పటినుంచి ఇష్టం లేనివాళ్లను బయట నిలబెడుతున్నాను. ఎవరూ తట్టుకుని పడకుండా చూసేది వాళ్లే, ఎవరి మాట ఎక్కడ ఆగిపోయిందో బాగా పట్టుకునేదీ వాళ్లే. ఆట కాగానే భోజనాలకు లేచిపోయిన రోజు మాత్రం ఏ ఫలితమూ కనిపించలేదు.

నమ్మకం పెరుగుతుందా అంటే, వినడం పెరిగిందని మాత్రం గట్టిగా చెప్పగలను. మాది రోజూ ఒకేచోట కూర్చునే చిన్న టీమ్. ముప్పై మంది ఉన్నచోట, ఫోన్లలోనే కలిసే టీముల్లో నేను ఆడించి చూడలేదు. తాడు నా దగ్గరే ఉంది. కొత్తవాళ్లు నలుగురైనా చేరినప్పుడే బయటికి తీస్తున్నాను.