తొలి .32 పిస్టల్: కోల్టా, వాల్థరా, మన అశనా?

పిస్టల్ లైసెన్స్ చేతికొచ్చిన వాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, కోల్ట్, వాల్థర్ లాంటి పాత ఇంపోర్టెడ్ తీసుకునేదా, మన దేశంలో తయారయ్యే అశని లాంటి కొత్తది తీసుకునేదా?" దానికి తోడు ఈమధ్య ఇంకో ప్రశ్న మొదలైంది: పిడికి ఏ చెక్క వేయించాలి అని. నేను కూడా కిందటేడు ఇదే తేల్చుకోవాల్సి వచ్చి పాత కోల్ట్ తీసుకున్నాను. రెండు ప్రశ్నలకూ కలిపి రాస్తున్నాను.

9 ఎంఎం మన దగ్గర నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్స్ మీద ఇవ్వని తూటా సైజు, దాని మాట వదిలేయండి. సినిమాల్లో చూసి 1911 మోడల్ .45 మీద మనసు పడేవాళ్లు ఉంటారు. అది తూటాలు లేకుండానే సుమారు 1.1 కిలోలు తూగుతుంది, ధర కూడా అందేది కాదు. మిగిలింది .32 సైజు. పైగా ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక లైసెన్స్‌దారుకు రెండే ఆయుధాలు. అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో చాలామంది ఇళ్లలో తాత నాటి డబుల్ బ్యారెల్ ఒకటి ఉంటుంది. అంటే మిగిలేది ఒక్క చోటే. అందుకే ఈ కొనుగోలు గురించి ఇంత ఆలోచన.

ఏది కొనాలో తేల్చేది పేరూ కాదు, ధరా కాదు, మీ చేయి. అదెందుకో చెబుతాను. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. కాల్చి నేర్చుకోవడానికి అనుమతి ఉన్న రేంజ్ మన ఊరి పక్కన ఉండదు. వేల తూటాలు కాల్చి చేతిని పిస్టల్‌కు అలవాటు చేసుకునే వీలు మనకు లేదు. కాబట్టి పిస్టలే మొదటి రోజు నుంచి మన చేతికి కుదరాలి.

కుదిరిందో లేదో చూడటం కష్టం కాదు. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి, స్లైడ్ (వెనక్కి జరిగే పై భాగం) లాగి చాంబర్ (పేలే తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మనుషులు లేని మట్టి గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుని చేయి ఎత్తండి. ఇప్పుడు కళ్లు తెరిస్తే గురి చూసే ముందు సైటు, వెనక సైటు దాదాపు ఒకే గీతలో కనిపించాలి. ప్రతిసారీ మణికట్టు తిప్పి సర్దుకోవాల్సి వస్తే ఆ పిస్టల్ మీది కాదు. తర్వాత చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనుతోందా, లేక వేలు అందుకోవడానికి పట్టే మారిపోతోందా చూడండి. ఈ రెండింటిలో నెగ్గితే మిగతావి మాట్లాడుకోవచ్చు.

నా ఓటు కోల్ట్ 1903 పాకెట్ హ్యామర్‌లెస్‌కే. జాన్ బ్రౌనింగ్ డిజైన్, 1903 నుంచి 1945 దాకా తయారైంది, మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు. బరువు సుమారు 680 గ్రాములు. పిడి పలుచగా, నిటారుగా ఉంటుంది, ట్రిగ్గర్ దగ్గరగా ఉంటుంది. చిన్న చేతికీ పెద్ద చేతికీ ఒదిగిపోతుంది. ప్రతి తూటాకూ ట్రిగ్గర్ లాగుడు ఒకేలా, తక్కువ దూరం. కొత్తవాడికి ఒకే లాగుడు నేర్చుకుంటే చాలు. పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంది. అరచేయి దాన్ని పూర్తిగా నొక్కితేనే పేలుతుంది.

దీనికి ఒక పెద్ద లోపం కూడా ఉంది. తూటాను పేల్చే హ్యామర్ లోపల దాగి ఉంటుంది కాబట్టి అది కాక్ అయి (వెనక్కి లేచి పేలడానికి సిద్ధంగా) ఉందో లేదో బయటికి కనిపించదు. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. చాంబర్‌లో తూటా పెట్టి బీరువాలో ఉంచడం ఈ పిస్టల్‌తో ఎప్పుడూ చేయకూడదు. లోపల పెట్టే ముందూ, బయటికి తీసిన వెంటనే కూడా చాంబర్ చూసుకోవడం అలవాటు కావాలి. ఆ అలవాటు చేసుకోలేను అనుకునేవాళ్లు వాల్థర్ వైపు వెళ్లడమే మంచిది.

వాల్థర్ పీపీ 1929లో వచ్చింది, దాని పొట్టి తమ్ముడు పీపీకే తర్వాత వచ్చింది. .32లో పీపీకి ఎనిమిది తూటాలు, పీపీకేకి ఏడు. హ్యామర్ బయటే ఉంటుంది, ఏ స్థితిలో ఉందో చూడగానే తెలుస్తుంది. సేఫ్టీ మీటను కిందికి దించితే హ్యామర్ ప్రమాదం లేకుండా దిగుతుంది. మామూలుగా చాంబర్‌లో తూటా ఉంటే వెనక చిన్న పిన్ను బయటికి పొడుచుకొస్తుంది, చీకట్లో కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు. ఇంట్లో ఉంచుకోవడానికి సంబంధించి దీన్ని మించిన పాత పిస్టల్ నాకు తెలియదు.

అయినా తొలి పిస్టల్‌గా దీన్ని చెప్పడానికి నాకు మనసొప్పదు. మొదటి తూటాకు ట్రిగ్గర్ బరువుగా, చాలా దూరం లాగాలి. రెండో తూటా నుంచి తేలిక. ఒకే ఆయుధంలో రెండు రకాల లాగుళ్లు, రెండూ నేర్చుకోవడానికి మన తూటాల కోటా చాలదు. రెండో ఇబ్బంది చేతిది. స్లైడ్ వెనక్కి వచ్చేటప్పుడు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండను గీరుతుంది. కండ పట్టిన చేయి అయితే పీపీకేతో ఇది మరీ ఎక్కువ. చేను పని చేసి చేతులు లావెక్కిన మనవాళ్లు పీపీకే అందం చూసి కొని, మొదటి మ్యాగజైన్ అయిపోయేసరికి రక్తం చూడటం వింతేమీ కాదు. వాల్థరే కావాలంటే పీపీ తీసుకోండి, దాని పిడి వెనక భాగం కాస్త పొడవు.

ఇక మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల అశని. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కొత్త పిస్టల్, కొత్త బ్యారెల్, బిల్లు ఉంటుంది, విడిభాగాలు దేశంలోనే దొరుకుతాయి. ఎవరి చేతుల్లో ఎట్లా వాడబడిందో అన్న టెన్షన్ లేదు. ట్రిగ్గర్ మాత్రం పీసు పీసుకూ కాస్త తేడాగా అనిపిస్తుంది. కాబట్టి డీలర్ దగ్గర ఉన్నన్ని పీసులు చేతిలోకి తీసుకుని చూడండి, మొహమాటపడకండి. పాత ఇంపోర్టెడ్ ధర దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ డబ్బు అప్పు తెచ్చి పెట్టాల్సిన వాళ్లు ఇంకో ఆలోచన లేకుండా అశనే తీసుకోవాలి.

బ్రౌనింగ్ 1910, 1922 మోడళ్లు కూడా అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. 1910 జేబుకు బాగుంటుంది, 1922 పొడవు, తొమ్మిది తూటాలు పడతాయి. బాగా ఉన్నది దొరికితే కాదనక్కర్లేదు. వెతుక్కుంటూ మాత్రం పోవద్దు.

పాతది కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1980ల మధ్య నుంచి వ్యక్తిగత దిగుమతి ఆగిపోయింది కాబట్టి దేశంలో ఉన్న పిస్టళ్లే చేతులు మారుతున్నాయి. డీలర్ ద్వారా కాకుండా ఇంకో లైసెన్స్‌దారు దగ్గర కొంటుంటే, అమ్మేవాళ్లు ముందుగా కలెక్టర్‌కో స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలపాలి. 45 రోజులు గడిచాకే ఆయుధం చేతులు మారాలి. పిస్టల్ మీద నంబరు, అమ్మేవాళ్ల లైసెన్స్‌లోని నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. నంబరు అరగదీసినట్టు అనుమానం వస్తే ఆ పిస్టల్‌ను ముట్టుకోకుండా లేచి వచ్చేయండి. మ్యాగజైన్ అసలుదేనా, దాని పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగి ఉన్నాయా చూడండి. .32 తూటాకు అంచు కాస్త బయటికి ఉంటుంది కాబట్టి మ్యాగజైన్ సరిగా లేకపోతే తూటాలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. పాత పిస్టల్ ఆగిపోయిందంటే నేను మొదట అనుమానించేది మ్యాగజైన్‌నే.

ఇప్పుడు పిడి చెక్కల సంగతి. కోల్ట్‌కు మొదట్లో గట్టి రబ్బరు పిడి, తర్వాత గళ్లు చెక్కిన వాల్‌నట్ చెక్క వచ్చాయి. అసలువి పగలకుండా ఉంటే మార్చకండి. వాటి మందం ఆ గ్రిప్ సేఫ్టీకి సరిపోతుంది. అందం కోసం లావు చెక్కలు వేయిస్తే వేళ్లు పూర్తిగా చుట్టుకోవు, అరచేయి సేఫ్టీని సగమే నొక్కుతుంది, అవసరంలో పిస్టల్ పేలదు. చెక్క చేయించేవాళ్లు వడ్రంగికి పాత చెక్కలనే నమూనాగా ఇచ్చి, అంతకంటే మందం వద్దని గట్టిగా చెప్పాలి. పీపీకేకి రెండు చెక్కలు కాదు, వెనక నుంచి చుట్టుకునే ఒకే పిడి. అది ఊళ్లో చేయించడం తేలికైన పని కాదు.

ఏ చెక్క? టేకు చేవ అందరికీ దొరుకుతుంది కానీ దాని మీద సన్నటి గళ్లు నిలవవు, అంచులు రాలతాయి. రోజ్‌వుడ్ గట్టిది, గళ్లు పట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు అరచేయి చెమట పడుతుంది కాబట్టి నున్నటి పాలిష్ కంటే గళ్లే మేలు. కడప వైపు వాళ్లు తప్పకుండా అడిగేది ఎర్రచందనం. పాలకొండల్లో, లంకమలలో మన కళ్ల ముందు పెరిగే చెట్టే, కలప కూడా అద్భుతంగా ఉంటుంది. అయినా వద్దు. అటవీ శాఖ పర్మిట్ లేని చిన్న ముక్క కూడా కేసు తెస్తుంది, అదీ లైసెన్స్ ఆయుధం మీద బిగించి తిరిగితే మీ లైసెన్సే ప్రశ్నార్థకం అవుతుంది. ఏనుగు దంతం పిడి ఉన్న పాత పిస్టల్ ఎవరైనా చూపిస్తే ఆ పిడితో కొనకండి, వన్యప్రాణి చట్టం కింద దంతం అమ్మకం నిషిద్ధం, పత్రం ఉన్నా అంతే.

పైన తొడిగే రబ్బరు గ్రిప్ మన ప్రాంతానికి పనికిరాదని నా అభిప్రాయం. పట్టు బాగుంటుంది, కానీ చెమట లోపల నిలిచిపోతుంది. ఎన్నికలు వచ్చినప్పుడు దీని దెబ్బ తెలుస్తుంది. 2024లో మార్చి 16న షెడ్యూల్ వచ్చింది, జూన్ 4న లెక్కింపు. మన జిల్లాల్లో ఎన్నికలయ్యే దాకా ఆయుధాన్ని పోలీసుల దగ్గర డిపాజిట్ చేయమని కబురొస్తే పిస్టల్ దాదాపు మూడు నెలలు మన చేతిలో ఉండదు, తుడిచేవాళ్లు ఉండరు. పిడి కింద చేరిన తడి ఆ మూడు నెలల్లో ఇనుమును తినేస్తుంది. అందుకని డిపాజిట్‌కు ముందు రోజు పిడి స్క్రూలు విప్పి, చెక్కల కింద పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి మళ్లీ బిగించండి. స్క్రూకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి, పాత స్క్రూ తల చెడితే దొరకదు. తోలు కేసులో పెట్టి మాత్రం ఇవ్వకండి, తోలు తడిని పట్టి ఉంచుతుంది. నూనె గుడ్డలో చుట్టి సంచిలో పెట్టి ఇచ్చి, రసీదులో నంబరు, మ్యాగజైన్ల సంఖ్య రాయించుకోండి.