పర్లాకిమిడి పిట్టల షాపు: పిల్లలు బాగున్నాయి, దాణాతోనే పేచీ

మా పర్లాకిమిడి బజారులో లవ్‌బర్డ్స్, కుందేళ్లు, చేపల తొట్లు అమ్మే ఒక షాపులో చలికాలం వస్తే పెద్దబాతు పిల్లలు కూడా దిగుతాయి. ఇవి గుడ్లు పెట్టేది ఎక్కువగా చలిరోజుల్లోనే, పొదగడానికి నెల పడుతుంది. అందుకే సంక్రాంతి దాటాక అడిగితే దొరుకుతాయి. జత వెయ్యి అన్నాడు, బేరమాడితే తొమ్మిది వందలకు దిగాడు. వాటితో పాటు ఒక బల్బు, నీళ్ల డబ్బా, రెండు కేజీల దాణా కలిపి ‘సెట్’ అని అంటగడతాడు. పిల్లల్ని కొనుక్కోండి, సెట్ జోలికి మాత్రం పోకండి.

పిల్లలకు వంక పెట్టడానికి లేదు. బొడ్డు ఎండి ఉంది, వెనక భాగం శుభ్రంగా ఉంది, కళ్లు చురుగ్గా ఉన్నాయి. వెల్లకిలా పెడితే తటాలున లేచి నిలబడ్డాయి. షాపాయన విసుక్కోకుండా ఒక్కొక్కటీ బుట్టలోంచి తీసి చూపించాడు. ముక్కు మొదట్లో బుడిపె వచ్చే చైనా రకం ఇవి. మగేదో ఆడేదో అడిగితే మాత్రం “జతేనమ్మా” అనేసి ఊరుకుంటాడు. ఈ వయసులో పైకి చూసి చెప్పలేం, వెనక భాగం తెరిచి చూడాలి. చేయి తిరగనివాళ్లు అలా చూస్తే పిల్లకే దెబ్బ. కాబట్టి ఆయన ‘జత’ అన్నా రెండూ మగవే కావచ్చు, ఆ లెక్కతోనే కొనండి.

ఇక సెట్. బల్బు మామూలు అరవై వాట్లది. మొదటి వారం పిల్లల దగ్గర 32 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి ఓ మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. పగలు ఆ బల్బు సరిపోతుందేమో గానీ మాఘమాసం రాత్రి చలికి ఆనదు. పాతపట్నం వెళ్లి ఇన్‌ఫ్రారెడ్ బల్బు తెచ్చి పెట్టె మీద ఒక మూలకు వేలాడదీశాం. రెండో మూల చల్లగా వదిలేశాం. థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెబుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి సన్నగా ఈలలా అరుస్తుంటే చలి, నోరు తెరిచి మూలలకు పోతుంటే వేడి. కరెంటు పోతేనే టెన్షన్. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెడితే గంటో రెండు గంటలో గడిచిపోతాయి.

నీళ్ల డబ్బా కోడిపిల్లలది, అంచు చుట్టూ వేలెడు గాడి ఉండేది. దాంట్లో బాతు పిల్ల ముక్కు కొన మాత్రమే మునుగుతుంది. పెద్దబాతు పిల్ల తినేటప్పుడు చూస్తే తెలుస్తుంది: దాణా ఒక నోరు తీసుకుంటుంది, పరుగెత్తి వచ్చి ముక్కురంధ్రాల దాకా నీళ్లలో ముంచి బుడగలు వదులుతుంది, తల విదిల్చి మళ్లీ దాణా దగ్గరికి పోతుంది. అలా ముంచడానికి లేకపోతే దాణా ముద్ద ముక్కులో గడ్డకడుతుంది, కళ్లు పుసికడతాయి. లోతైన స్టీలు గిన్నెలో మధ్యన గులకరాళ్లు వేసి పెట్టాను, తల మునుగుతుంది, ఒళ్లు మునగదు. తల్లి రెక్కల కింద పెరిగే పిల్లలకు ఆమె ఒంటి వేడి అందుతుంది. మన దగ్గరివాటికి అది లేదు కాబట్టి తడిస్తే చలి పట్టేస్తుంది.

అసలు పేచీ దాణాతోనే. ఇచ్చింది బ్రాయిలర్ కోడిపిల్లలది. “ఏటీ అవదమ్మా, కోడిపిల్లలకి పెట్టిందే పెట్టీ” అని భరోసా ఒకటి. మాంసం కోసం పెంచే లెక్క అది. మొదటి మూడు వారాలు 20 శాతం ప్రోటీన్ మంచిదే. తర్వాత కూడా అదే మేపితే ఒళ్లు ముందు పెరిగి, రెక్క చివరి కీలు బరువు మోయలేక బయటికి తిరుగుతుంది. పైగా బాతు జాతికి నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్ల కంటే దాదాపు రెట్టింపు కావాలి, అది చాలకపోతే కాళ్లు వంకరపోతాయి. పశువుల మందుల షాపులో ఆ విటమిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ దొరికింది, రోజూ దాణాలో కలుపుతున్నాను. గరిక చిగుళ్లు, తోటకూర సన్నగా తరిగి మొదటి వారం నుంచే పెట్టొచ్చు. పచ్చిక తిన్నప్పుడు కాస్త ఇసుక కూడా అందుబాటులో ఉండాలి. నెల దాటాక మా అత్తయ్య నూక, తవుడు అలవాటు చేశారు. ఇప్పుడు వాటి తిండిలో సగానికి పైగా పెరట్లో గడ్డే.

ఇంకో మాట. ఆయన లూజుగా తోడి ఇచ్చిన దాణాలో ఉండలు కట్టి, ముక్కిన వాసన వచ్చింది. బాతు పిల్లలకు బూజు విషం ఇట్టే ఎక్కుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడి పిల్లలు చచ్చిపోతే, ఆరా తీయగా బూజు పట్టిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. వెనక్కి పట్టుకెళ్తే షాపాయన మారు మాట లేకుండా కొత్త సంచీ కోసి ఇచ్చాడు, అది ఆయన మంచితనమే. అయినా కట్టు విప్పని సంచీ అడిగి, తేదీ చూసి తీసుకోండి. పెట్టెలో పరచడానికి పేపర్లు చాలన్నాడు, వినకండి. జారి కాళ్లు రెండు పక్కలకూ విడిపోతాయి. గోనె పట్టా పరచండి.

డక్ ప్లేగు టీకా సంగతి షాపులో ఎత్తనే ఎత్తరు. పెద్దబాతులకూ ఆ రోగం వస్తుంది, రెండు నెలలు నిండాక పశువుల ఆసుపత్రిలో అడగండి. అరుపుల సంగతీ చెప్పరు. మావి ఇప్పుడు గేటు దగ్గర పాలబ్బాయి సైకిలు ఆగితే వీధంతా లేపుతున్నాయి, ఇవి పదిహేనేళ్లు కూడా బతుకుతాయి. గోడ కలిసిన ఇళ్లవాళ్లు పక్కవాళ్లతో ముందే మాట్లాడుకోవడం నయం.

పిల్లలకు అయిదుకు నాలుగు, సెట్‌కు ఒకటి. వెళ్తే పొద్దున్నే వెళ్లండి. పదకొండు దాటితే బుట్ట మీదికి నేరుగా ఎండ కొడుతుంది, అప్పుడు ఏది హుషారుగా ఉందో ఏది నీరసంగా ఉందో పోల్చుకోలేం.