బోమాంట్-ఆడమ్స్ రివాల్వర్: ఏళ్లుగా దగ్గర ఉంచుకున్నాక

బ్రిటిష్ సైన్యం వాడిన పాత క్యాప్ రివాల్వర్లలో (హ్యామర్ దెబ్బకు నిప్పురవ్వ పుట్టించే చిన్న లోహపు టోపీ, అంటే క్యాప్‌తో పేలేవి) ఒక్కటే కొనగలమంటే ఏది కొనాలని అడిగితే, నేను చెప్పేది బోమాంట్-ఆడమ్స్. సైన్యం వాడిన 54 బోర్ రకం ఒకటి ఇంగ్లండ్‌లోని మా ఇంట్లో ఏళ్లుగా ఉంది. ఒక పౌను సీసంతో 54 గుండ్లు పోయగలిగితే, ఆ గుండు పట్టే సైజునే 54 బోర్ అంటారు. దీన్ని నేను పేల్చను. ఇక్కడ పురాతన వస్తువుగా ఇంట్లో పెట్టుకోవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, పేల్చాలంటే మాత్రం తీసుకోవాల్సిందే. విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్లీ బిగించడంలోనే దీని సంగతులన్నీ తెలిశాయి.

గొప్పతనమంతా లోపలి పనితనంలో ఉంది. రాబర్ట్ ఆడమ్స్ 1851లో తెచ్చిన రివాల్వర్‌ను పేల్చాలంటే ట్రిగ్గర్‌ను గట్టిగా లాగడం ఒక్కటే దారి. ఆ బలానికి గురి చెదిరేది. రాయల్ ఇంజనీర్స్‌కు చెందిన లెఫ్టినెంట్ బోమాంట్ 1856లో దానికి బొటనవేలితో హ్యామర్ ఎత్తే వీలు కూడా కలిపాడు. ట్రిగ్గర్‌ను మెల్లగా లాగితే హ్యామర్ లేస్తుంది, ఐదు గదుల సిలిండర్ దాంతోపాటే తిరిగి, తర్వాతి గది బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి నిలుస్తుంది. అదే ముందుగా హ్యామర్ ఎత్తి ఉంచితే ట్రిగ్గర్‌ను కాస్త నొక్కితే చాలు. నూట యాభై ఏళ్లు దాటినా ఇది ఇంత నికరంగా పనిచేయడం చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు హ్యామర్‌ను ఎప్పుడూ వేలితో పట్టి దించుతాను. లేకపోతే నిపుల్స్, అంటే గదుల వెనక క్యాప్ తొడిగే చిన్న గొట్టాల, అంచులు దెబ్బతింటాయి.

బ్యారెల్, ఫ్రేమ్ ఒకే ఇనుప ముద్దలోంచి తీసినవి. అప్పటి అమెరికన్ కోల్ట్ రివాల్వర్లకు సిలిండర్ పైన ఫ్రేమ్ ఉండదు, బ్యారెల్‌ను ఒక చీలతో పట్టించేవారు. ఆ చీల అరిగితే బ్యారెల్ వదులవుతుంది. ఇందులో ఆ బాధ లేదు. పిడి పైన ఫ్రేమ్‌కున్న గూని కూడా నాకు చాలా నచ్చుతుంది, చెయ్యి పైకి జారదు.

ఇబ్బందులు లేకపోలేదు. విడిభాగాలు దొరకవు. తుప్పుతో బిగుసుకుపోయిన నిపుల్‌ను తొందరపడి తిప్పితే మర పోతుంది, రోజుల తరబడి నూనెలో నాననివ్వాలి.

కొనేవాళ్లు మెరుపు చూసి మోసపోవద్దు. అంచులు పదునుగా ఉన్నాయా, ఫ్రేమ్ మీద, సిలిండర్ మీద నంబర్లు కలుస్తున్నాయా, ప్రూఫ్ ముద్రలు (పేల్చి పరీక్షించాక కొట్టే గుర్తులు) చదవగలిగేలా ఉన్నాయా చూడాలి. బాగా పాలిష్ పట్టినదాని కన్నా గోధుమరంగు తిరిగినా ముద్రలు స్పష్టంగా ఉన్నదే నాకు విలువైనది. అధికారులు సొంత డబ్బుతో కొనుక్కున్నవీ చాలా ఉన్నాయి కాబట్టి సైన్యానిదని చెబితే ప్రభుత్వ బాణం గుర్తు అడగండి. 1868 నుంచి సైన్యం వీటిని వెనక నుంచి తూటాలు పెట్టేలా మార్పించింది. ఆ మార్పు జరగని సైనిక తుపాకీ దొరికితే వదలకండి.

భారతదేశంలో ఉన్నవాళ్లు మాత్రం ముందు చట్టం చూసుకోవాలి. 1959 ఆయుధాల చట్టంలోని మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకే.