ఒమాహా హై-లో (చేతికి నాలుగు కార్డులిచ్చే పోకర్) ఆడేవాళ్ళకి గెలిచే ఛాన్స్ లెక్కేసే ఈ ఆడ్స్ క్యాలిక్యులేటర్ యాప్ బాగా పనికొస్తుంది

పాట్ (పందెం డబ్బు మొత్తం) సగం పెద్ద హ్యాండ్‌కి (హై), సగం చిన్న హ్యాండ్‌కి (లో) పోయే ఇలాంటి స్ప్లిట్ పాట్ గేముల్లో గెలుపు శాతం ఒక్కటే చూస్తే ఏమీ తేలదండి, ఈ యాప్ మాత్రం పాట్ మొత్తం కొట్టే ఛాన్స్ ఎంత, హై సగం ఎంత, లో సగం ఎంత అని విడివిడిగా చూపిస్తుంది, నాకు నచ్చింది అదే. లోకి బాగా పనికొచ్చే ఏస్-2 చేతిలో ఉందని చాలామంది ధైర్యంగా పందెం కాల్ చేసేస్తారు, కానీ అవతలి వాళ్ళకీ ఏస్-2 ఉండి హై కూడా వాళ్ళే కొడితే మనకొచ్చేది పావు వంతే, ఇద్దరే ఆడుతుంటే పెట్టిన దాంట్లో సగం పోయినట్టే. ఆ పావు వంతు కేసుని ఇది టై అని కలిపేయకుండా వేరేగా లెక్కేస్తుంది, సూపర్ అసలు.

ఏస్-2-కింగ్-క్వీన్‌ని ఏస్-2-3-కింగ్‌తో పోల్చి చూడండి, బోర్డు (అందరికీ కలిపి టేబుల్ మీద వేసే కార్డులు) మీద 2 పడి మన 2 లోకి పనికిరాకుండా పోయినప్పుడు ఆ 3 ఎంత కాపాడుతుందో తెలుస్తుంది. ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు కార్డులు) తర్వాత రెండు హ్యాండ్లకి మిగిలేవి 820 కాంబినేషన్లే కాబట్టి లెక్క వెంటనే వస్తుంది, ఫ్లాప్‌కి ముందు 10,86,008 బోర్డులు, కాస్త ఆగాలి.

ఎదుటివాళ్ళ రేంజ్ (వాళ్ళ దగ్గర ఉండొచ్చు అనుకునే హ్యాండ్లన్నీ) ఇచ్చే ఆప్షన్ లేదు, నాలుగు కార్డులూ ఇవ్వాల్సిందే, అది పెడితే ఐదు స్టార్లు ఇస్తా, ఇప్పటికి నాలుగు.