14 ఏళ్లు వాడిన బ్యాక్‌ప్యాక్, దాని గ్యారంటీ

ఈ బ్యాక్‌ప్యాక్ కొని 14 ఏళ్లయింది. వారానికి ఐదారు రోజులు భుజాన ఉండే బ్యాగు, ల్యాప్‌టాప్, ఛార్జర్, నీళ్ల సీసా, ప్రయాణమైతే బట్టలు కూడా ఇందులోనే. బ్యాగు సంగతి తొందరగా చెప్పేస్తా: గుడ్డ ఎక్కడా చిరగలేదు, అడుగున కుట్లు గట్టిగా ఉన్నాయి, వీపు దగ్గర మెత్తదనం మాత్రం నాలుగేళ్లకే పోయింది. నేను అసలు రాయాలనుకున్నది దీని గ్యారంటీ గురించి.

కొన్నప్పుడు దీనికి వేలాడుతున్న ట్యాగు మీద ఒకటే మాట ఉంది, ఎప్పుడు తృప్తిగా లేకపోయినా తెచ్చి ఇచ్చేయండి అని. గడువు లేదు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు లేవు. పక్కనే ఇంకాస్త తక్కువ ధరకి, చూడ్డానికి ఇంతకంటే బాగున్న బ్యాగు ఉన్నా ఆ ట్యాగు చూసే ఇది తీసుకున్నా.

ఐదో ఏట పెద్ద జిప్పు మొరాయించింది. రన్నర్ ముందుకు పోతుంటే వెనకాలే పళ్లు విడిపోతూ వచ్చేవి. షాపుకి తీసుకెళ్తే కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ బ్యాగు తిరగేసి, జిప్పుని వెలుతురులో పెట్టి, రన్నర్‌ని రెండు మూడుసార్లు అటూ ఇటూ లాగి చూసి, "పళ్లు బానే ఉన్నాయండీ, రన్నరే అరిగిపోయింది. కొత్త బ్యాగు తీసుకుంటారా, ఇదే బాగు చేయించమంటారా?" అన్నారు. బిల్లు అడగనేలేదు. బాగు చేయించమన్నా. పది రోజులకి చేతికొచ్చింది. ఇంటికొచ్చాక చూస్తే కుడి భుజం పట్టీ మొదట్లో కుట్లు ఊడుతున్న చోట కూడా, నేను అడక్కుండానే, కొంచెం ముదురు రంగు దారంతో మళ్లీ కుట్టి ఇచ్చారు. ఆ దారం ఇప్పటికీ అలాగే ఉంది. పాత రోజుల షాపింగ్ అంటే నాకు గుర్తొచ్చేది అదే.

12వ ఏట లోపలి పూత జిగటగా అయి పొట్టు పొట్టుగా రాలడం మొదలైంది. నీళ్లు దిగకుండా ఇలాంటి బ్యాగులకి పాలీయురేథేన్ పూత వేస్తారు, అది ఏళ్లు గడిచేకొద్దీ గాలిలో తేమకే పాడవుతుంది, వాడినా వాడకపోయినా. అంటే ఇది తయారీ లోపం కాదు, వయసు. కొత్త బ్యాగు అడగాలని కాదు, డబ్బు తీసుకునైనా సరిచేసిస్తారేమో కనుక్కుందామని వెళ్లా. ఈసారి కౌంటర్‌లో అబ్బాయి బ్యాగు ముట్టుకోలేదు. ఆర్డర్ నంబర్ అడిగాడు, కొన్న తేదీ అడిగాడు, "ఇప్పుడు ఏడాదేనండీ, బిల్లు ఉండాలి. రిపేర్లు మానేశాం" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, అతని తప్పేమీ లేదు. అయినా బయటికొచ్చేటప్పుడు చాలా బాధేసింది.

ఇలా మారడంలో కొనేవాళ్ల పాత్ర కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. అమెరికాలో ఎల్.ఎల్.బీన్ కంపెనీనే తీసుకోండి. 1912లో మొదట అమ్మిన 100 జతల బూట్లలో 90 తిరిగొస్తే అందరికీ డబ్బు వెనక్కిచ్చి, బూటుని సరిచేసుకుని మళ్లీ అమ్మిన మనిషి పెట్టిన కంపెనీ అది. అలాంటి కంపెనీ కూడా 2018లో ఏడాది గడువు, కొన్న రుజువు అనే షరతులు పెట్టింది, లోపమున్న సరుకైతే ఏడాది దాటాక కూడా పరిశీలిస్తామంటూనే. ఎక్కడో పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవి తెచ్చి డబ్బు అడిగేవాళ్లు ఎక్కువయ్యారన్నది వాళ్ల మాట. అక్కడే క్యాంపింగ్ సామాన్లు అమ్మే ఆర్‌ఈఐ 2013లోనే వాపసు గడువుని ఏడాదికి కుదించింది. నాకు తెలిసినవాళ్లే ట్రిప్పుకి టెంట్ కొని, వాడుకుని, మట్టి దులిపి వాపసు ఇచ్చేశారు. నమ్మి ఇచ్చిన మాటని ఇలా వాడుకుంటే ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆన్‌లైన్ రిటర్న్ సుఖంగా లేదని నేను అనను. సైజు సరిపోకపోతే, రంగు వేరేగా ఉంటే నాలుగు క్లిక్కులతో పని అయిపోతుంది, ఒక్కోసారి వస్తువు ఉంచేసుకోండి అని డబ్బు కూడా వేసేస్తున్నారు, ఎందుకంటే దాన్ని వెనక్కి తెప్పించి, చూసి, మళ్లీ అమ్మకానికి పెట్టే ఖర్చు దాని విలువకంటే ఎక్కువ. అలాగే "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టిన షాపులు పాత రోజుల్లోనూ బోలెడు ఉండేవి, వాటిని మనం తలుచుకోం అంతే. కానీ కొన్న పది రోజుల్లో నచ్చకపోవడం వేరు, ఐదేళ్లకి జిప్పు పోవడం వేరు. ఇప్పటి పాలసీలు చాలావరకు మొదటిదాని కోసమే. రెండోదానికి కావాల్సింది రిఫండ్ కాదు, ఒక రన్నర్, ఒక సూది, వస్తువుని చేతిలోకి తీసుకుని చూసే మనిషి.

అందుకే ఇప్పుడు ఏం కొన్నా ముందు అడిగేది విడిభాగాలు దొరుకుతాయా, రిపేరు చేస్తారా అని. బిల్లు కొన్నరోజే ఫోటో తీసి పెట్టుకుంటున్నా, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతుంటాయి కాబట్టి.

బ్యాగుకి 5కి 5. అప్పటి గ్యారంటీకీ అంతే. ఇప్పటిదానికి 2. లోపలి పూతంతా నేనే పాత బ్రష్షుతో గీకేశా, రెండు సాయంత్రాలు పట్టింది. వానొస్తే పైన కవర్ తొడుగుతున్నా. రేపు పొద్దున కూడా ఇదే వేసుకుని వెళ్తా.