సింగపూర్ సిన్సే దగ్గర పది పూటలు: సూది సరే, పొడి వద్దు

రెండో కాన్పు అయి పదకొండేళ్లు దాటినా, తుమ్మినప్పుడూ దగ్గినప్పుడూ, బస్సు కోసం నాలుగడుగులు పరుగెత్తినప్పుడూ మూత్రం చుక్కలుగా పడే ఇబ్బంది నన్ను వదలలేదు. ఈ మాట మన ఇళ్లలో అమ్మకు చెప్పుకోవడమే కష్టం. ధైర్యం చేసి చెప్పినా "ఇద్దర్ని కన్నాక మామూలేలేవే" అని తేల్చేస్తారు. సింగపూర్‌లో మా పక్కింటి చైనా ఆంటీ మాత్రం, నేను దగ్గు ఆపుకోవడానికి పడుతున్న అవస్థ చూసి తానే అడిగి, తమ సిన్సే దగ్గరకు వెళ్లమంది. చైనా సంప్రదాయ వైద్యులను ఇక్కడ సిన్సే అంటారు. ఆ వైద్యశాలలో ఐదు వారాల్లో పది పూటలు సూదులు వేయించుకున్నాను, రెండు వారాలు మందు పొడి తాగాను. పొడి విషయంలో నాకు గట్టి ఫిర్యాదు ఉంది కనుక వైద్యశాల పేరు ఇక్కడ రాయడం లేదు.

అక్కడికి వెళ్లేముందే సర్కారు ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలికి చూపించుకున్నాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదని పరీక్షలో తేలింది. గర్భసంచి మొదటి దశలో కొద్దిగా జారిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, ఫిజియోథెరపీ చాలనీ ఆవిడ చెప్పారు. ఈ వరస మాత్రం ఎవరూ తిరగేయకూడదు. మూత్రంలో రక్తం కనిపించినా, మంట ఉన్నా, కింద ఏదో గడ్డ జారినట్టు అనిపించినా నాడి చూసి కనిపెట్టగలిగేవారు ఎవరూ లేరు. ఫిజియో అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత దొరకడంతో, ఆ ఖాళీలోనే సిన్సే దగ్గర చేరాను.

హౌసింగ్ బోర్డు బ్లాకు కింది అంతస్తులో చిన్న గది. గోడకు ప్రాక్టీసు సర్టిఫికెట్టు కనబడేలా తగిలించి ఉంది. సింగపూర్‌లో 2000 నాటి చట్టం ప్రకారం ఈ వైద్యులు ప్రత్యేక బోర్డులో నమోదు కావాలి కాబట్టి, లోపలికి అడుగుపెట్టేముందే ఆ జాబితాలో పేరు సరిచూసుకోవడం మేలు. సిన్సే యాభై దాటిన మహిళ కావడం, సూదులు పడిన చోటు తలుచుకుంటే, నాకు పెద్ద ఊరట. ఆవిడ రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి చాలాసేపు నాడి చూశారు. నాలుక చాపమని, దాని అంచున పడిన పళ్ల గుర్తులు చూపించి, కడుపులోని శక్తి పట్టు తప్పి కిందికి కుంగిపోయిందని చెప్పారు. చీ అనే ఆ శక్తి అవయవాలను తమ చోట పట్టి ఉంచుతుందనీ, అది కుంగితే గర్భసంచి, మూత్రాశయం కూడా జారతాయనీ వాళ్ల లెక్క. మన ఆయుర్వేదంలో మూత్రాన్ని అపాన వాయువు నడుపుతుందన్న మాట విన్నవాళ్లకు ఈ ఊహ కొత్తగా తోచదు, అయితే ఊహ పాతదైనంత మాత్రాన నిజమని నేను ఒప్పుకోను.

సూదుల దగ్గర ఆవిడ పనితనం మెచ్చుకోవలసిందే. కొలతకు ఆవిడ వాడేది రోగి చెయ్యే: నా బొటనవేలి వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు కలిపి ఆనిస్తే మూడు. మోకాటి చిప్ప కింద నాలుగు వేళ్లు పెట్టి ఒక చోటు, లోపలి చీలమండ పైన నాలుగు వేళ్లు పెట్టి మరో చోటు గుర్తించారు. అసలు సూదులు మాత్రం బోర్లా పడుకోబెట్టి త్రికాస్థి (వెన్నుపూస చివర, నడుము కింద ఉండే ముక్కోణపు ఎముక) మీద, తోకఎముక పక్కన వేసి, వాటికి తీగలు తగిలించి సన్నని కరెంటు పెట్టారు. నొప్పి కన్నా, లోపల ఎవరో లయగా తడుతున్నట్టు ఉంటుంది. అరగంట అయ్యాక వెల్లకిలా తిప్పి, మాడుకు అంగుళం ఎత్తున ఎండుటాకుల చుట్టను వెలిగించి వేడి చూపించారు. కుంగిన శక్తిని పైనుంచి లాగడానికట. ఆ పొగ వాసన ఎక్కడో తెలిసినట్టే ఉందనుకుంటే, అది మన మాచిపత్రి జాతి మొక్క. వినాయక చవితి పత్రిలో మొదటి ఆకు మాడు మీద కాలుతుంటే నాకు నవ్వు ఆగలేదు, నవ్వితే ఏమవుతుందో గుర్తొచ్చి ఆపుకున్నాను.

త్రికాస్థి దగ్గర ఈ రెండు చోట్లకే నేను విలువ ఇవ్వడానికి కారణం ఉంది. చైనాలోని 12 ఆసుపత్రుల్లో 504 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఒకటి 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ఆ చోట్లలోనే కరెంటు సూదులు ఆరు వారాల్లో 18 పూటలు వేస్తే, ప్యాడ్ తూకంతో కొలిచిన మూత్రం కారడం సగటున 9.9 గ్రాములు తగ్గింది. చర్మం లోపలికి దిగని ఉత్తుత్తి సూదులు వేసినవాళ్లలో తగ్గింది 2.6 గ్రాములే. మంచి ఫలితమే, కానీ అందులో పోలిక ఉత్తుత్తి సూదితోనే, వ్యాయామంతో కాదు. మా వైద్యశాల అమ్మిన ప్యాకేజీలో ఉన్నవి 18 కావు, 10 మాత్రమే. ఎందుకని అడిగితే "పదికి సరిపోతుంది" అన్నారు, పదో పూట అయిన రోజున ఇంకో ప్యాకేజీ కాగితం ముందు పెట్టారు.

ఇక పొడి. పదమూడో శతాబ్దపు వైద్యుడు లీ దోంగ్‌యువాన్ కూర్చిన ఎనిమిది దినుసుల కషాయాన్ని ఎండబెట్టి నలిపి, చెంచాతో కొలిచి పొట్లాలు కట్టి ఇచ్చారు. జిన్‌సెంగ్, హువాంగ్ చీ వేరు, ఎండు కమలాతొక్క వగైరాలతో పాటు అతిమధురం కూడా అందులో ఉంది. నేను బీపీ మాత్ర వేసుకుంటాను. కొత్త రోగులు నింపే కాగితంలో ఎలర్జీలకు గడి ఉంది తప్ప, వాడుతున్న మందులకు లేదు. సిన్సే నోటితోనూ అడగలేదు. రెండో వారానికి ఇంట్లో చూసుకునే బీపీ పై అంకె 128 నుంచి 146కి చేరింది. పాలీక్లినిక్ (ఇక్కడి సర్కారు దవాఖానా) ఫార్మసిస్టు పొట్లం మీది చీటీ చదివి వెంటనే ఆపమన్నాడు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ శరీరంలో ఉప్పును, నీటిని నిలబెట్టి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది, ఆ తోవనే బీపీ పెరుగుతుంది. గొంతు బొంగురుపోతే ఒక పుల్ల నమలడం వేరు, రోజుకు రెండు పూటలా వారాల తరబడి తాగడం వేరు. ఆపిన పది రోజులకు అంకె దిగింది. ఈ సంగతి సిన్సేకు చెబితే "మోతాదు తక్కువే కదా" అన్నారు. వైద్యశాలకు ఐదుకు మూడు మార్కులు వేద్దామనుకున్న నేను, ఆ ఒక్క మాటకు రెండు వేస్తున్నాను.

పది పూటలకు తేడా తెలిసింది: రోజుకు మూడు ప్యాడ్లు మార్చే చోట ఒకటి సరిపోయింది. ఆ తర్వాత మొదలైన ఫిజియోలో మొదటి రోజే తేలిందేమిటంటే, ఇన్నేళ్లుగా కీగల్ వ్యాయామం అనుకుని నేను బిగిస్తున్నది పొట్టను. పొట్ట, తొడలు కదలకుండా, మూత్రం ఆపుకున్నట్టు లోపలి కండరాన్ని మాత్రమే పైకి ఎత్తి నిలపాలని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెయ్యి పెట్టి నేర్పించింది. ఎనిమిదేసి బిగింపులు, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స మేలో చెప్పే సంస్థ నైస్ (NICE) మార్గదర్శకాలు మొదటి చికిత్సగా చెప్పేది కూడా ఇదే. మూడు నెలలు పూర్తయ్యేసరికి ప్యాడ్ అవసరమే లేకపోయింది.

సూదుల వైపు మొగ్గేవాళ్లు కరెంటు సూదులు త్రికాస్థి దగ్గర వేస్తారా, ఎన్ని పూటలు వేస్తారు అని ముందే అడిగి, పూటకింతని డబ్బు కట్టడం మంచిది. పొడి ఇస్తే దినుసుల చీటీ తీసుకుని, మీ మాత్రలు రాసిచ్చిన డాక్టరుకు చూపించాకే తాగండి. సూదుల పూటకు డెబ్బై డాలర్లు, వారం పొడికి నలభై ఐదు కట్టాను; ఆ రశీదులన్నిటినీ మా కంపెనీ ఇన్సూరెన్సు వాళ్లు తిప్పి పంపారు, ఫిజియో రశీదులకు మాత్రం డబ్బు వచ్చింది.