ఇండ్ ఏఎస్ కన్వర్షన్‌కి 6 లక్షలు పెట్టాం, లెక్క వచ్చింది, తాళంచెవి రాలేదు

హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీతో మా కంపెనీ లెక్కల్ని పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్ నుంచి ఇండ్ ఏఎస్‌లోకి (అంతర్జాతీయ పద్ధతిని బట్టి మన దేశం పెట్టుకున్న కొత్త అకౌంటింగ్ స్టాండర్డ్స్‌లోకి) మార్పించుకున్నాం. పేరు రాయను, ఊళ్లో అందరం అందరికీ తెలిసినవాళ్లమే. ఫీజు 6 లక్షలు, జీఎస్టీ అదనం. 5కి 3 ఇస్తాను.

మాది జీడిమెట్లలో మందుల ఇంటర్మీడియట్స్ (మందుల తయారీలో వాడే రసాయనాలు) చేసే కంపెనీ, నెట్‌వర్త్ 60 కోట్లు దాటదు. 2015 రూల్స్ ప్రకారం లిస్ట్ కాని కంపెనీకి 250 కోట్లు ఉంటేనే ఇండ్ ఏఎస్ తప్పనిసరి కదా, మన జోలికి రాదులే అని ఇన్నేళ్లూ నిశ్చింతగా ఉన్నాం. 2024 ఏప్రిల్‌లో ముంబైలో లిస్టయిన ఒక కంపెనీ మా ముప్పాతిక వాటా కొనేసింది, అంతే. పెద్ద కంపెనీకి ఇండ్ ఏఎస్ ఉంటే దాని సబ్సిడరీకీ ఉండాల్సిందే, సైజుతో పనిలేదు, ఒకసారి దిగాక వెనక్కి రావడమూ లేదు. పైగా ఆ ముంబై కంపెనీ ప్రమోటర్లు జర్మనీ వాళ్లు. వాళ్లకి ఏటా ఏప్రిల్ రెండో వారంకల్లా అసలు ఐఎఫ్ఆర్ఎస్‌లోనే, అంటే ఆ అంతర్జాతీయ పద్ధతిలోనే, లెక్కల ప్యాకేజీ పంపాలి. ఇక్కడ ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి ఐసీడీఎస్ (టాక్స్ కోసం ఆదాయం లెక్కగట్టే స్టాండర్డ్స్) లెక్క వేరే. అకౌంట్స్‌లో ఉన్నది నేను, ఇంకో ఇద్దరు. అందుకే బయటివాళ్లని పిలిచాం.

ముందు బాగున్న సంగతి చెప్తాను. 2024-25 బ్యాలెన్స్ షీటు ఇండ్ ఏఎస్‌లో ఇవ్వాలంటే పక్కన 2023-24 అంకెలు కూడా అందులోనే ఉండాలి, అంటే 2023 ఏప్రిల్ 1 నాటి ఓపెనింగ్ బ్యాలెన్స్ షీటు నుంచి మొదలుపెట్టాలి. ఎప్పుడో సంతకాలు పెట్టి ఫైల్ చేసేసిన లెక్కల్ని మళ్లీ తవ్వడమన్నమాట. ఈ పనిలో వాళ్ల సీనియర్ మేడమ్‌ని వంక పెట్టడానికి లేదు. రావలసిన బాకీల మీద ప్రొవిజన్ కట్టడానికి మూడేళ్ల బాకీదారుల లెడ్జర్‌ని బిల్లు బిల్లుగా అడిగి తీసుకుని, ఎవరు ఎన్ని రోజులకి కట్టారో చూసి మరీ శాతాలు వేశారు. గ్రాట్యుటీలో యాక్చుయరీ తేడాలు (ముందు కట్టాల్సింది ఎంతన్న అంచనాలు మారడం వల్ల వచ్చేవి) లాభనష్టాల ఖాతాలో కాకుండా ఓసీఐలో (లాభం కింద విడిగా చూపే ఇతర ఆదాయంలో) ఎందుకు చూపించాలో మా వాళ్లకి బోర్డు మీద రాసి చెప్పారు. ఫ్యాక్టరీ, మెషినరీలకి పాత పుస్తకం విలువనే డీమ్డ్ కాస్ట్‌గా (కొత్త లెక్కలో మొదటి ఖరీదుగా) తీసుకోవచ్చన్న వెసులుబాటు వాడుకుందాం, అనవసరంగా వాల్యుయర్‌కి డబ్బులెందుకన్నది కూడా ఆవిడే.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది గోడౌన్ డిపాజిట్ ముచ్చట. బాలానగర్‌లో గోడౌన్‌కి 2023 ఏప్రిల్ 1న 10 లక్షలు డిపాజిట్ కట్టాం, అయిదేళ్ల లీజు, వడ్డీ లేదు. పాత పద్ధతిలో అది పుస్తకాల్లో 10 లక్షలుగానే కదలకుండా కూర్చునేది. ఇప్పుడు అయిదేళ్ల తర్వాత చేతికొచ్చే 10 లక్షల విలువ ఈరోజు ఎంత అని 10 శాతంతో డిస్కౌంట్ చేస్తే 6,20,921 అయింది. మిగతా 3,79,079 వెళ్లి రైట్ ఆఫ్ యూజ్ అసెట్‌లో (లీజు కాలమంతా గోడౌన్ వాడుకునే హక్కు విలువలో) చేరింది. షీట్ చూసి మా ఎండీ గారు "నా 10 లక్షల్లో మూడు లక్షల ఎనభై వేలు ఎవడు తిన్నాడయ్యా" అన్నారు. ఎవరూ తినలేదు సార్, మొదటి ఏడాది 62,092 వడ్డీ ఆదాయంగా వస్తుంది, 75,816 తరుగుదలగా పోతుంది, అయిదేళ్లూ కలిపితే సున్నా అని మేడమ్ కాగితం మీద అయిదు వరసలు వేసి చూపించారు. ఆయన చాలాసేపు చూసి "అంటే రాని వడ్డీని వచ్చినట్టు, పోని డబ్బుని పోయినట్టు" అన్నారు. ఇంతకన్నా బాగా నేనైతే చెప్పలేను. టాక్స్ దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ తీసేసి, కట్టిన అద్దెనే ఖర్చుగా చూపించాలి. నయం, 115బీఏఏ (కంపెనీలకి తక్కువ రేటు టాక్స్ సెక్షన్) తీసుకున్నాం కాబట్టి మ్యాట్ (పుస్తకాల లాభం మీద వేసే కనీస టాక్స్) గొడవ లేదు.

ఇక తిట్లు.

మేడమ్ వచ్చింది మొత్తం మీద నాలుగు రోజులు. మిగతా పనంతా ఆర్టికల్స్ (సీఏ ట్రైనింగ్) చేసే కుర్రాళ్లదే. నోట్స్ డ్రాఫ్ట్ పంపితే అకౌంటింగ్ పాలసీల్లో బయలాజికల్ అసెట్స్ (మొక్కలు, పశువుల్లాంటి ప్రాణమున్న ఆస్తులు) గురించి నిండా ఒక పేరా ఉంది! ఏ తోటల కంపెనీకో చేసింది కాపీ కొట్టి మాకు అంటించారు. మా ఫ్యాక్టరీలో ఉన్న బయలాజికల్ అసెట్ గేటు దగ్గర పడుకునే కుక్క ఒక్కటే, దానికీ బిల్లు లేదు.

రెండోది డెఫర్డ్ టాక్స్, అంటే పుస్తకాల లెక్కకీ టాక్స్ లెక్కకీ ఉన్న తేడా వల్ల ముందుముందు పెరిగే, తగ్గే టాక్స్. లీజు అసెట్, లీజు లయబిలిటీ (ముందు కట్టబోయే అద్దెల బాకీ) మొదట్లో సమానంగా పుడతాయి కాబట్టి డెఫర్డ్ టాక్స్ అక్కర్లేదని వదిలేశారు. ఆ మినహాయింపు లీజులకి వర్తించదని 2023 మార్చిలోనే ఇండ్ ఏఎస్ 12కి సవరణ వచ్చింది, వీళ్ల షీట్ మాత్రం దానికన్నా పాతది. మా ఆడిటర్ పట్టుకున్నారు. దాంతో పాత నెట్‌వర్త్‌కీ కొత్త నెట్‌వర్త్‌కీ మధ్య రీకన్సిలియేషన్ (తేడా ఎందుకొచ్చిందో చూపే పట్టిక), లాభానికి ఇంకో రీకన్సిలియేషన్, దాని కింద నోట్సూ అన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. మే నెలలో రాత్రి పదకొండింటికి ఆఫీసులో కూర్చుని చేశాం, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మూడోదే నాకు బాగా మండింది. మొదటి రోజునుంచీ "ఇండ్ ఏఎస్ అంటే ఐఎఫ్ఆర్ఎస్సే సార్, ఒక్క లెక్క రెండు చోట్లా సరిపోతుంది" అన్నారు. చాలావరకు నిజమే కానీ ఇండ్ ఏఎస్‌లో మనవాళ్లు అక్కడక్కడా మార్పులు చేసుకున్నారు, మేం సరిగ్గా అలాంటి చోటే తగులుకున్నాం. 2025 మార్చి 31 నాటికి మా టర్మ్ లోన్‌లో ఒక షరతు తప్పింది, దాంతో బ్యాంకు మొత్తం అప్పు ఎప్పుడడిగినా కట్టాల్సిన పరిస్థితి. మే నెలలో పర్లేదని బ్యాంకు లెటర్ ఇచ్చింది, జూన్‌లో మా బోర్డు లెక్కలు ఆమోదించింది. ఆ ఏడాదికి ఉన్న ఇండ్ ఏఎస్ 1 ప్రకారం బోర్డు ఆమోదానికి ముందే బ్యాంకు ఒప్పుకుంది కాబట్టి అప్పు లాంగ్ టర్మ్‌లోనే ఉండొచ్చు. ఐఎఫ్ఆర్ఎస్‌లో అలా కుదరదు, మార్చి 31కి చేతిలో బ్యాంకు పర్లేదన్న లెటర్ లేకపోతే కరెంట్ లయబిలిటీనే (ఏడాదిలోపు కట్టాల్సిన బాకీనే). అదే అప్పు, అదే తేదీ, జీడిమెట్లలో లాంగ్ టర్మ్, జర్మనీలో షార్ట్ టర్మ్. వీళ్లు ప్యాకేజీలో లాంగ్ టర్మ్ అని పెట్టి పంపేశారు, అక్కణ్ణించి మెయిల్ వచ్చేదాకా మాకు తెలీదు. మెయిల్ వచ్చింది నాకు, వాళ్లకి కాదు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు, మొదటి ఏడాది ఎవరికైనా తప్పులు జరుగుతాయి. ఈ ఏడాది గోడౌన్ ఓనర్‌తో మాట్లాడి అద్దె మార్చుకున్నాం, అంటే లీజు లెక్క మళ్లీ కట్టాలి. వాళ్ల ఎక్సెల్ తెరిస్తే ఫార్ములాలున్న గడులన్నీ లాక్. పాస్‌వర్డ్ అడిగితే "అది మా టూల్ సార్, రెండో ఏడాదికి ఎంగేజ్‌మెంట్ లెటర్ పంపిస్తాం" అన్నారు. 6 లక్షలు కట్టి మా గోడౌన్ లెక్క మేం మార్చుకోలేకపోవడమేంటి? ఒప్పందంలో వర్కింగ్స్ ఇస్తాం అని ఉంది, తాళం లేకుండా ఇస్తాం అని లేదు. ఈ వాక్యం మీరైతే మొదటి రోజే రాయించుకోండి. మీ నోట్స్ డ్రాఫ్ట్ ఎవరు చేస్తారో, మేడమ్ లాంటివాళ్లు ఎన్ని రోజులు మీ ఆఫీసులో కూర్చుంటారో కూడా అందులోనే పెట్టించండి.

మా అకౌంట్స్‌లో ఒకమ్మాయి ఉంది, సీఏ ఇంటర్ రాస్తోంది. రెండు ఆదివారాలు కూర్చుని లీజు షీటూ డిపాజిట్ షీటూ సొంతంగా కట్టింది, పాత అంకెలు పెడితే 6,20,921 రూపాయితో సహా సరిపోయింది. కన్సల్టెన్సీ వాళ్ల రెండో ఏడాది కొటేషన్ 4 లక్షలు, నా టేబుల్ మీద ఉంది. ఎండీ గారు ఇంకా చూడలేదు.